విక్టర్ కనిపించిన రాత్రి

రాత్రి 11 దాటింది. ముదినేపల్లి ఊరు వెనకబడిపోయింది. చుట్టూ రొయ్యల చెరువులు, గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులక మంచం. ఈ రాత్రి కాపలా నీది. చెరువులో నాలుగు ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ మోత నీ చెవికి ఎప్పుడో అలవాటైపోయింది. గాలి కొల్లేటి వైపు నుంచి వీస్తోంది. మేత వాసన, బురద వాసన కలిసి ముక్కుకి తగులుతున్నాయి. పట్టుబడికి ఇంకా పది రోజులు కూడా లేవు. కన్ను మూయడానికి వీల్లేదు.

ఫోన్ తీస్తావు. యాప్‌లో అద్దె కట్టి దించుకున్న సినిమా సిద్ధంగా ఉంది. జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్. కింద నిడివి చూస్తావు. 242 నిమిషాలు. వేలు అక్కడే ఆగిపోతుంది.

ఇదే కథని 2017 నవంబరులో థియేటర్లో చూశావు. అప్పుడు 120 నిమిషాలు. బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్, ఫ్లాష్, ఆక్వామ్యాన్, సైబోర్గ్, చివర్లో సూపర్‌మ్యాన్. ఇంతమంది కలిసి పోరాడినా ఇంటికొచ్చేసరికి మనసులో ఏదీ మిగల్లేదు. ఎర్రటి ఆకాశం, కొమ్ముల విలన్, నవ్వు రాని జోకులు. అంతే. ఇప్పుడు దానికి రెట్టింపు నిడివి. ఎలాగూ తెల్లారేదాకా మేలుకోవాలి, నిజమే. కానీ నచ్చని సినిమాని నాలుగు గంటలపాటా?

నొక్కు. నొక్కి చూడు.

ఫోన్ అడ్డంగా తిప్పుతావు. బొమ్మ తెర నిండా రాదు. రెండు పక్కలా నల్లటి పట్టీలు, మధ్యలో పాత దూరదర్శన్ రోజుల టీవీ కొలతలో బొమ్మ. సెట్టింగ్ ఏదో మారిందనుకుని వేళ్లతో సాగదీస్తావు. ఏమీ మారలేదు. ఐమాక్స్ తెర ఎత్తుని మనసులో పెట్టుకుని దర్శకుడు స్నైడర్ ఈ కొలతలోనే తీశాడు, ఇంట్లో చూసేవాళ్లకీ ఇలాగే ఇచ్చాడు. కాసేపటికి పట్టీల సంగతి మర్చిపోతావు. మనుషులు తల నుంచి పాదం దాకా నిలువుగా కనిపిస్తున్నారు. వాళ్ల నెత్తిన ఆకాశం చాలా ఎత్తుగా ఉంది.

సూపర్‌మ్యాన్ చనిపోతూ అరుస్తున్నాడు. ఆ అరుపు అలలు అలలుగా భూమంతా పాకుతోంది. సముద్రం అడుగున దాచిన పెట్టెకి తగిలింది. అమెజాన్ స్త్రీలు కాపలా కాస్తున్న పెట్టెకి తగిలింది. ఒక ఇంట్లో అల్మారాలో దాచిన మూడో పెట్టెకీ తగిలింది. మూడూ నిద్ర లేస్తున్నాయి. 2017లో సినిమా ఇలా మొదలవలేదు. పిల్లలు ఫోన్లో తీస్తున్న వీడియోలో సూపర్‌మ్యాన్ నవ్వుతూ కబుర్లు చెప్పేవాడు. అతని పై పెదవి ఏదో తేడాగా ఉండేది. ఇక్కడ మొదటి నిమిషంలోనే ఒక చావు కళ్లముందు పెట్టారు. అది ఎవరెవరిని తాకిందో చెప్పడానికి ఇంక నాలుగు గంటలుంది.

పక్క చెరువు కాపలా బాబాయ్ బీడీ ఆర్పేసి లోపలికొస్తాడు.

"ఏం బొమ్మరా అది?"

"ఇంగ్లీషుది బాబాయ్. ముందొకసారి వచ్చిందే. ఇది పెద్దది."

"ఒకే బొమ్మ రెండుసార్లు తీశారా?"

చెప్పాలి. ఇది తెలియకపోతే ఆ పై పెదవి సంగతి కూడా అర్థం కాదు. స్నైడర్ 2016లో షూటింగ్ చేశాడు. 2017 మార్చిలో అతని కూతురు ఆటమ్ ఆత్మహత్య చేసుకుంది. కొన్ని వారాలు పని చేస్తూనే ఉండటానికి ప్రయత్నించాడు. మే నెలలో ఇక చేతకాక పక్కకి తప్పుకున్నాడు. స్టూడియో అతని స్థానంలో జాస్ వీడన్‌ని తెచ్చింది. సీన్లు తిరిగి రాశారు, తిరిగి తీశారు, రెండు గంటలు దాటకూడదన్నారు. అప్పటికి సూపర్‌మ్యాన్ వేషం కట్టే హెన్రీ కావిల్ మిషన్ ఇంపాజిబుల్ సినిమా కోసం మీసం పెంచాడు. తీయడానికి వీల్లేదు. ఆ మీసాన్ని కంప్యూటర్లో చెరిపేశారు. థియేటర్లో నిన్ను ఇబ్బంది పెట్టిన పెదవి అదే. స్నైడర్ సినిమాని బయటికి తెమ్మని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు. అడుగుతూనే ఆత్మహత్యల నివారణ సంస్థకి విరాళాలు పోగు చేశారు. 2020 మేలో స్టూడియో సరేనంది. దాదాపు 7 కోట్ల డాలర్లు పెట్టి పూర్తి చేయించింది. 2021 మార్చి 18న విడుదలైంది. మన దగ్గర బుక్‌మైషో స్ట్రీమ్‌లో అదే రోజు వచ్చింది.

బాబాయ్ ఏమీ అనలేదు. "ఆ పిల్లకి ఎన్నేళ్లు?" అని మాత్రం అడిగాడు.

"ఇరవై."

మంచం కోడు మీద చెయ్యేసి, ఫోన్ వైపు వంగి, కాసేపు చూసి తన చెరువు దగ్గరికి వెళ్లిపోయాడు.

సినిమా నెమ్మదిగా నడుస్తోంది. చాలా నెమ్మదిగా. మంచులో బ్రూస్ వేన్ నడక, సముద్రపు ఒడ్డున ఆడవాళ్ల పాట, నీళ్లలోకి దిగే ఆక్వామ్యాన్. స్లో మోషన్ మీద స్లో మోషన్. ఇక్కడే ఆపేయాలనిపిస్తుంది. అనిపించడం న్యాయమే. మొదటి గంటలో పదిహేను నిమిషాలు తీసేసినా కథకి ఏ నష్టమూ లేదు.

అయినా ఇంకాసేపు ఆగు. విలన్ వస్తున్నాడు.

2017 స్టెప్పెన్‌వుల్ఫ్ లోకాన్ని నాశనం చేస్తానని కేకలేసే మామూలు రాక్షసుడు. ఎందుకు నాశనం చేయాలో మనకీ పట్టలేదు, వాడికీ పట్టినట్టు లేదు. ఇక్కడ వాడి ఒంటి మీద కవచం ముళ్లు ముళ్లుగా లేస్తోంది, పడుతోంది. వాడు మోకరిల్లి పైవాడితో మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు యజమాని డార్క్‌సైడ్‌కి ద్రోహం చేశాడు. దానికి శిక్షగా ఇంకా 50,000 లోకాలు గెలిచి ఇవ్వాలి. అప్పుడుగానీ ఇంటికి రానివ్వరు. తిరిగి వెళ్తానని బతిమాలుతున్నాడు. అవతలివాడు బాకీ ఎంతుందో గుర్తు చేస్తున్నాడు. పంట పంటకీ అప్పు తిరగరాసుకునే చెరువుల మధ్య కూర్చున్న నీకు ఆ ముఖం అర్థమవుతుంది. వాడిని చూస్తే జాలేస్తుంది. జాలితోపాటు భయమూ మొదలవుతుంది. అంత బాకీ నెత్తిన ఉన్నవాడు మధ్యలో ఆగడు.

ఒంటిగంట అవుతోంది. టార్చి పట్టుకుని గట్టంతా ఒక చుట్టు తిరిగి వస్తావు. నీళ్ల మీద వెలుగు పడితే రొయ్యల కళ్లు ఎర్రటి చుక్కల్లా మెరుస్తాయి. లోపల్లోపలే మెరుస్తున్నాయి. పైకి రాలేదు. చెక్ ట్రేలో మేత ఖాళీ. అంతా బాగుంది. మళ్లీ మంచం ఎక్కు.

ఇప్పుడు విక్టర్ వస్తాడు. అదే, సైబోర్గ్.

2017లో వీడు ఎవరు? ఇనప ఒళ్లు, ఒక కన్ను ఎర్ర దీపం, నాలుగు ముక్కల మాటలు. జట్టులో లెక్కకి ఒకడు. పేరు కూడా నీకు గుర్తు లేదు.

ఇక్కడ అతను కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో మంచులో పరుగెడుతున్నాడు. స్టాండ్స్‌లో అమ్మ నిలబడి అరుస్తోంది. ఆమె పక్క సీటు ఖాళీ. నాన్న సైలస్ స్టోన్ శాస్త్రవేత్త. పని ఉందని రాలేదు. ఆట అయ్యాక కారులో అమ్మాకొడుకులు ఆ విషయమే మాట్లాడుకుంటున్నారు. ఆమె అతని వైపు తిరుగుతుంది. నీకు తెలిసిపోతుంది. రోడ్డు చూడమ్మా అనాలనిపిస్తుంది. ఆలస్యమైపోయింది.

అమ్మ పోయింది. కొడుకు సగం మిగిలాడు. నాన్న ఆ మూడో పెట్టె శక్తితో కొడుకుని నిలబెట్టాడు. బతికించాడు కానీ ఆ బతుకు కొడుక్కి ఇష్టం లేదు. తలకి ముసుగేసుకుని ఫ్లాట్‌లో చీకట్లో కూర్చుంటాడు. నాన్న చిన్న టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి వెళ్తాడు. అందులోంచి అతని గొంతు, నీలో ఏముందో చూసుకో అని కొడుకుతో చెబుతుంది. ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్, ప్రతి బ్యాంకు, ప్రతి ఆయుధం ఆ కుర్రాడి చేతికి అందుతాయట.

చేతికి అంత అందితే నువ్వేం చేస్తావు?

విక్టర్ ఒక హోటల్లో పనిచేసే ఒంటరి తల్లిని చూస్తాడు. పిల్లలున్నారు. ఇల్లు ఖాళీ చేయించారు. ఆమె ఏటీఎం దగ్గర నిలబడి ఉంది. ఖాతాలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. విక్టర్ ఒక అంకె మారుస్తాడు. తెర మీద లక్ష డాలర్లు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆయుధాలన్నీ చేతిలో ఉన్నవాడు మొదట చేసిన పని అది. యుద్ధమేమీ కాదు, కొట్లాటా కాదు. రెండు గంటల సినిమాలోంచి తీసి పారేసింది ఇదీ.

టేప్ పూర్తిగా వినలేక విక్టర్ దాన్ని పిడికిట్లో నలిపేస్తాడు. పోగొట్టుకున్నది చాలనుకున్నాడో ఏమో. నువ్వు మంచం మీద లేచి కూర్చుంటావు.

సినిమాల్ని కత్తిరించడం మనకి కొత్తేమీ కాదు. విడుదలైన రెండో రోజే పావుగంట ట్రిమ్ చేశారంటే మన థియేటర్లో ఎవరూ ఆశ్చర్యపోరు. కలపడమూ చూశాం. పుష్ప 2 థియేటర్లలో ఆడుతుండగానే 2025 జనవరి 17న ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ వేశారు. అదే ఏడాది అక్టోబరు 31న బాహుబలి రెండు భాగాల్నీ కుదించి ఒకే సినిమాగా తెచ్చారు. వాటిలో ఎటు చూసినా మనకి తెలిసిన సినిమానే, కొంచెం ఎక్కువో తక్కువో. నీ చేతిలో ఇప్పుడు నడుస్తున్నది అలాంటిది కాదు. కథ అదే, పెట్టెలు అవే, పోరాటం అదే. దాని మధ్యలో ఉండాల్సిన మనిషిని తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూపించారు. అందుకే 2017లో నువ్విచ్చిన తీర్పు అప్పుడు చూపించిన సినిమాకి సరైనదే. దాన్ని వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఇది వేరే తీర్పు అడుగుతోంది.

రెండు దాటింది. ల్యాబ్ గదిలో మూడో పెట్టె. స్టెప్పెన్‌వుల్ఫ్ దాని కోసం వచ్చేశాడు. సైలస్ అద్దాల గది లోపల నిలబడి తలుపు వేసుకున్నాడు. విక్టర్ అద్దానికి ఇవతల ఉన్నాడు. తండ్రి లేజర్ ఆన్ చేస్తున్నాడు. పెట్టె ఎర్రగా కాలుతోంది. అది కాలితే ఎక్కడికి తీసుకుపోయినా వేడిని బట్టి కనిపెట్టవచ్చు. కానీ ఆ గదిలో మనిషి బతకడు. విక్టర్ అద్దం మీద కొడుతున్నాడు. తండ్రి ఒకసారి కొడుకు వైపు చూశాడు. వెలుగు. అంతే, ఇక లేడు.

2017లో ఈ తండ్రి చావడు. చివర్లో కొడుకుతో కలిసి పని చేస్తూ కనిపిస్తాడు. హాయిగా ఉంటుంది, కానీ గెలిచినా ఓడినా తేడా తెలియదు. ఇక్కడ మిగతా పోరాటం మొత్తం ఈ చావు మీద నిలబడింది.

ఆఖరి యుద్ధం మొదలైంది. మూడు పెట్టెలూ కలవబోతున్నాయి. కలిస్తే భూమి బూడిద. విక్టర్ వాటి లోపలికి దూరి విడదీయాలి. దానికి ఫ్లాష్ చుట్టూ పరుగెత్తి కావలసినంత శక్తి పోగు చేసి ఒక్కసారి తాకాలి. ఫ్లాష్ పరుగెడుతున్నాడు. ఒక తూటా తగిలింది. పడ్డాడు. పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఊపిరి అందడం లేదు.

షెడ్డులో బల్బు ఆరిపోయింది.

మోత ఆగింది.

నాలుగు ఏరియేటర్లూ ఆగిపోయాయి. గట్టంతా నిశ్శబ్దం. ఫోన్లో మాత్రం ఫ్లాష్ మూలుగుతున్నాడు.

రెండున్నర దాటింది. చెరువుకి ఇదే చెడ్డ వేళ. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి దాన్నే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. పెద్ద రొయ్య, చివరి రోజులు, చెరువు నిండా పంట. కాసేపు చాలు.

కరెంటు ఇప్పుడే వస్తుందేమో. ఆగుదామా? ఫ్లాష్ లేస్తాడేమో చూద్దామా?

లే.

ఫోన్ మంచం మీద పడేయ్. టార్చి తీయ్. పరుగెత్తు.

గట్టు తడిగా ఉంది. చెప్పు జారింది. వదిలెయ్. జనరేటర్ గది. గొళ్లెం తీయ్. బటన్ నొక్కు. టక్. మళ్లీ నొక్కు. టక్. బ్యాటరీ లేదు.

హ్యాండిల్ ఎక్కడ?

"ఒరేయ్, ఇక్కడుంది!" బాబాయ్. ఆయన చెరువు జనరేటర్ అప్పటికే లేచింది. హ్యాండిల్ బిగించాడు.

తిప్పు. బరువు. తిప్పు. పొగ. ఇంకొక్కసారి. భుజం లాగేస్తోంది.

లేచింది.

చేయి తుడుచుకో. తడి చేత్తో ముట్టుకోకు. చెక్క మీద నిలబడు. లివర్ ఇటు వెయ్యి. ఇప్పుడు స్టార్టర్లు. నాలుగూ ఒకేసారి వేస్తే లోడు తట్టుకోలేక ఇంజన్ ఆగిపోతుంది. ఒకటి. ఆగు. మోత సర్దుకోనివ్వు. రెండు. ఆగు. బాబాయ్ టార్చి నీళ్ల మీద వేశాడు. ఎర్రటి చుక్కలు పైకొస్తున్నాయి. అంచు దగ్గర. గుంపుగా. మూడు. ఆగాలి. చేతులు వణుకుతున్నాయి. ఆగాలి. నాలుగు.

రెక్కలు తిరిగాయి. నీళ్లు లేచాయి.

బకెట్లోంచి ఆక్సిజన్ గుళికలు తీసి మూల మూలకీ చల్లుతారు ఇద్దరూ. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపే డీవో మీటరు దించుతావు. 3 దగ్గర ఊగుతోంది. చూస్తూనే ఉంటావు. కొంతసేపటికి 3 దాటింది. ఇంకొంతసేపటికి ఎర్ర చుక్కలు ఒక్కొక్కటిగా కిందికి దిగుతున్నాయి.

అప్పుడు గుర్తొస్తుంది, ఫ్లాష్ ఇంకా కింద పడే ఉన్నాడని.

షెడ్డులోకి వచ్చి ఫోన్ తీస్తావు. సినిమా నీ కోసం ఆగలేదు, ముందుకు నడిచిపోయింది. వెనక్కి జరుపుతావు. బాబాయ్ ఈసారి వెళ్లలేదు. పక్కన కూర్చున్నాడు.

ఫ్లాష్ గాయం మానుతోంది. కానీ ఆలస్యమైంది. పెట్టెలు కలిసిపోయాయి. పేలింది. మళ్లీ బతికొచ్చిన సూపర్‌మ్యాన్, విక్టర్, అందరూ ఆ వెలుగులో కరిగిపోతున్నారు. ఓడిపోయారు. అవును, ఓడిపోయారు. 2017లో ఈ క్షణం లేదు. అక్కడ ఫ్లాష్ ఒక రష్యన్ కుటుంబాన్ని వాళ్ల ట్రక్కుతో సహా ముందుకు నెట్టి కాపాడాడు.

ఇక్కడ అతను చేయకూడదని తనకి తాను పెట్టుకున్న కట్టు తెంచుతున్నాడు. వెలుగుని మించి పరుగెడుతున్నాడు. కాలం వెనక్కి తిరుగుతోంది. పగిలిన నేల అతని అడుగు పడేచోటే అతుక్కుంటోంది. ఒక్కో అడుగుకి ఒక్కో రాయి. చేయని తప్పుకి జైల్లో ఉన్న నాన్నని తలుచుకుని మాట్లాడుతున్నాడు. చేయి చాచాడు. తాకాడు.

విక్టర్ పెట్టెల లోపల ఉన్నాడు. అక్కడ అమ్మ ఉంది. నాన్న ఉన్నాడు. ఇనుము లేని ఒళ్లుతో తను ఉన్నాడు. మాతో ఉండిపో, నిన్ను బాగు చేస్తామంటున్నాయి పెట్టెలు. ఉండిపోతే తప్పేముంది? నువ్వయితే ఉండిపోవా? విక్టర్ వాళ్ల ముఖాలు చూస్తాడు. తనకి బాగు చేయాల్సింది ఏమీ లేదంటాడు. విడదీస్తాడు.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

తర్వాత సినిమా సాగుతూనే ఉంటుంది, సాగకుండా ఉంటే బాగుండేది. ఎడారిలో జోకర్‌తో పీడకల, ఇంకో సినిమాకి వేసిన పునాది, అది ఎప్పటికీ రాలేదు. అంతకుముందు, సూపర్‌మ్యాన్ పోయాక అతని తల్లి మార్తా, ప్రియురాలు లోయిస్ కూర్చుని మాట్లాడుకున్న మంచి సీనుంది. ఆ మార్తా నిజంగా మార్తా కాదు, రూపం మార్చుకున్న వేరే గ్రహంవాడు అని చూపించి దాన్ని చేజేతులా పాడుచేశారు. ఇవి కోసేస్తే ఎవరికీ నొప్పి లేదు. విక్టర్‌ది ఒక్క నిమిషం కోసినా సినిమా కూలుతుంది. స్టూడియోవాళ్లు సరిగ్గా దానికే కత్తెర పెట్టారు. చలనచిత్రం గురించి ఆలోచించే ఏ ఎడిటరైనా ఈ రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చివర్లో విక్టర్ ఆ నలిగిన టేపు ముక్కల్ని కలిపి బాగు చేసుకుంటాడు. నాన్న మాట పూర్తిగా వింటాడు. ఆ మాటల మీదే మిగతా అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లడం కనిపిస్తుంది. అన్నీ అయ్యాక తెర మీద ఒక వాక్యం వస్తుంది. సినిమాని ఆటమ్‌కి అంకితం చేశారు. ఇందులో ఇంతమంది తండ్రులు, ఇంతమంది పిల్లలు ఎందుకున్నారో ఇక నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు.

"ఆ పిల్ల పేరేనా?" అంటాడు బాబాయ్.

"అవును."

"ఆ నల్ల కుర్రోడి వాళ్ల అమ్మ ఎప్పుడు పోయింది? నేను లేనప్పుడా?"

"అవును బాబాయ్. ఫుట్‌బాల్ ఆట దగ్గర."

"అక్కడ్నుంచి పెట్టు."

ఫోన్లో చార్జింగ్ 11 శాతం. పవర్ బ్యాంక్ తగిలిస్తావు. మంచు పడుతున్న మైదానం దాకా వెనక్కి జరిపి, ఫోన్ ఆయన చేతికిచ్చి, డీవో మీటరు పట్టుకుని గట్టు మీదికి నడుస్తావు. ఈ గంటలో రెండు చెరువులూ నువ్వే చూడాలి.